ఐదింటి హాజరు

ఊరి పేరు చెప్పను. ఆ ఇల్లు ఇంకా అమ్మకానికి ఉంది. ఇది చదివి కొనేవాళ్లు వెనక్కి తగ్గితే ఆ లోను మా మెడకే చుట్టుకుంటుంది. మసాచుసెట్స్‌లో పడమటి వైపు, కొండల మధ్య ఒక చిన్న ఊరు అనుకోండి, చాలు. ఒక చర్చి, ఒక పోస్టాఫీసు, ఒక గ్యాస్ స్టేషన్. కొత్తిమీర కట్ట కావాలంటే నలభై మైళ్లు డ్రైవ్ చేయాలి.

నా పేరు జ్ఞానప్రసూన. మా నాయనమ్మ పేరు పెట్టారు. అందరూ ప్రసూన అంటారు. పద్దెనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎదుటివాళ్లు 'అంతా బాగానే ఉంది' అంటే నమ్మకపోవడమే నా ఉద్యోగం. ఇంట్లోనూ నాది అదే బుద్ధి. దేవుడు ప్రత్యక్షమైనా ముందు ఐడీ కార్డు అడుగుతానని మా ఆయన దివాకర్ ఏడిపిస్తుంటాడు.

అక్కడికి రాకముందు తొమ్మిదేళ్లు పార్సిప్పనీ అనే ఊళ్లో అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. పైవాళ్లు పప్పు తాలింపు వేస్తే మాకు దగ్గొచ్చేది. దివాకర్ కంపెనీ 'ఇక ఇంటి నుంచే పని చేసుకోండి' అన్నాక తను ఆన్‌లైన్‌లో ఈ ఫామ్‌హౌస్ చూశాడు. అమెరికా దేశం పుట్టక ముందు కట్టిన ఇల్లు. ఎనిమిదెకరాల నేల, వెనక ఒక పాత కొట్టం, చుట్టూ రాళ్లు పేర్చిన గోడ. ఆ ధరకి పార్సిప్పనీలో రెండు గదుల కాండో కూడా రాదు. నేను ఊరుకుంటానా! ఇన్‌స్పెక్టర్‌ని రెండుసార్లు పిలిపించాను. పైకప్పు, పునాది, చెదలు, బావి నీళ్లు, అన్నీ చూసి ఏ లోపమూ లేదన్నాడు. రెండున్నర వందల ఏళ్ల ఇంట్లో ఏ లోపమూ లేకపోవడమే నాకు తేడాగా అనిపించింది. అయినా మా అమ్మాయి మేధ కళ్లింత చేసుకుని ఆ పెరడంతా పరిగెత్తేసరికి సంతకం పెట్టేశాను. దానికి పదమూడేళ్లు. పుట్టాక మొదటిసారి దానికి పరిగెత్తడానికి చోటు దొరికింది.

నవంబర్ చివర్లో గృహప్రవేశం పెట్టుకున్నాం. పార్సిప్పనీ నుంచి నా ఫ్రెండ్ ఉమామహేశ్వరి మావిడాకులు తెచ్చింది. తెచ్చిందే కానీ, మహాతల్లి, రాత్రంతా కార్ డిక్కీలో వదిలేసింది. పొద్దున తీసి చూస్తే ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లగా వేలాడుతున్నాయి. ఐప్యాడ్‌లోంచి పంతులుగారు చూసి నవ్వారు.

"పచ్చటి ఆకు ఏదో ఒకటి కట్టండమ్మా. గుమ్మం బోసిగా ఉండకూడదు" అన్నారు.

ఆ చలికి ఊళ్లో చెట్లన్నీ మోళ్లు. రాతిగోడ పక్కన మాత్రం నాలుగు చెట్లు పచ్చగా ఉన్నాయి. క్రిస్మస్ చెట్లలాంటివే, ఆకులు సూదుల్లా సన్నగా ఉంటాయి. వాటిని హెమ్లాక్ అంటారని నాకు తర్వాత తెలిసింది. దివాకర్ కత్తెర పట్టుకెళ్లి ఒక బుట్టెడు కొమ్మలు తెంపుకొచ్చాడు. పురికొసకి గుచ్చి వీధి గుమ్మానికి తోరణం కట్టాం. బాగుంది కూడా. ఇల్లంతా ఆకు వాసన. పాలు పొంగాయి. అందరం ఫొటోలు దిగాం.

మొదటి మంచు పడ్డాక మా డ్రైవ్‌వే శుభ్రం చేయడానికి హోవార్డ్ అనే ముసలాయన ట్రక్కు వేసుకొచ్చాడు. పక్క పొలం ఆయనదే, డెబ్బై ఐదు దాటి ఉంటాయి. పని మధ్యలో ఇంజిన్ ఆపేసి మా గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను బయటికి వెళ్లాను.

"అది ఎవరు కట్టమన్నారు?" అన్నాడు.

"మా ఆచారం. మంచిదని కడతాం."

"ఎప్పుడు తీస్తారు?"

"తీయం. ఎండినా ఉంటుంది. మళ్లీ పండక్కి కొత్తది కడతాం."

ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంట్లో మగవాళ్లు ఎంతమంది?" అని అడిగాడు.

చూశారా! ముక్కూ మొహం తెలియని మనిషి మా ఇంట్లో మగవాళ్ల లెక్క అడుగుతున్నాడు. "ఎందుకు?" అన్నాను గట్టిగా. "ఊరికే" అని ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ సాయంత్రమే దివాకర్‌తో చెప్పాను, ఈ ముసలాడి వాలకం నాకు నచ్చలేదు, తలుపులన్నీ రెండుసార్లు చూసుకో అని.

దివాకర్ 'ఊఁ' అన్నాడు. తను ఆ మధ్య అన్నిటికీ 'ఊఁ' అనే అంటున్నాడు.

డిసెంబర్ మధ్యలో ఒకరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఫోన్ చూస్తే నాలుగూ యాభై. బయట చీకటి. గదిలో ఒక వాసన... తడిసిన ఉన్ని వాసన, దాంతో కలిసి కట్టెల పొగ. మా ఇంట్లో ఉన్న చలిమంట పొయ్యి ఎప్పుడో ఇటుకలు పెట్టి మూసేశారు. ఎవరైనా పొలాల్లో మంట వేశారేమో అనుకున్నాను. పెరటి వైపు నుంచి ఏదో గొణుగుడు వినపడుతోంది, మాటలు తెలియట్లేదు.

అప్పుడు నా పక్కన వెల్లకిలా పడుకున్న దివాకర్, కళ్లు మూసుకునే, స్పష్టంగా అన్నాడు.

"హియర్."

నాకు నవ్వొచ్చింది. పాపం, కలలో కూడా ఆఫీసు స్టాండప్ మీటింగే, పేరు పిలిస్తే పలుకుతున్నాడు అనుకున్నాను. మర్నాడు అదే టైమ్‌కి మళ్లీ అన్నాడు. నాలుగో రోజు లేచి చూస్తే పక్క ఖాళీగా ఉంది. కింద తన ఆఫీస్ గది తలుపు మూసి ఉంది, లోపల్నుంచి అదే మాట ఒక్కసారి వినిపించింది. కాసేపటికి వచ్చి ఏమీ ఎరగనట్టు పడుకున్నాడు. ఒళ్లు ఐసుగడ్డలా ఉంది.

"ఐదింటికి కాల్ పెట్టారా ఏంటి?" అని టిఫిన్ దగ్గర అడిగాను.

"ఆ... హైదరాబాద్ ఆఫ్‌షోర్ టీమ్‌తో. ప్రొడక్షన్ ఇష్యూ." ప్లేట్‌లోకి చూస్తూ చెప్పాడు.

ఐదంటే హైదరాబాద్‌లో మధ్యాహ్నం మూడున్నర. లెక్క సరిపోయింది. కానీ నా మనసుకి సరిపోలేదు. పది నిమిషాల కాల్‌లో ఒకే ఒక్క మాట మాట్లాడే మనిషిని నేను చూళ్లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకో ఆడదేమో అని కూడా అనుకున్నాను. ఉమామహేశ్వరికి ఫోన్ చేసి ఏడ్చాను.

"తెల్లారగట్ల లేచి, తలుపేసుకుని, ఒక్క ముక్క మాట్లాడి వచ్చేసే అఫైర్ ఎక్కడైనా ఉంటుందా పిచ్చి మొహమా!" అని తిట్టింది.

జనవరి పన్నెండున తేల్చేద్దామనుకున్నాను. నాలుగూ నలభైకే లేచి, చెప్పులు లేకుండా మెట్లు దిగి, ఆ గది తలుపుకి చెవి ఆనించాను. లోపల నిశ్శబ్దం. కీబోర్డ్ చప్పుడు కూడా లేదు.

మాటలు వినిపిస్తున్నది గదిలోంచి కాదు... పెరట్లోంచి.

ఒక మగ గొంతు పేర్లు చదువుతోంది. తొందర లేకుండా, ఒక్కొక్కటే. ఒక పేరు, చిన్న విరామం, జవాబు. "ఏబెల్..." అంటే ఒక ముసలి గొంతు "హియర్." "సైలస్..." అంటే దగ్గుతూ ఒకడు "హియర్." "జోనా..." "ఈథన్..." ప్రతి జవాబూ వేరే గొంతు. మంచులో బూట్లు కదిలిన చప్పుడు. నాకు లెక్కపెట్టడం అలవాటు కదా, లెక్కపెట్టాను. ఇరవై మూడు.

ఇరవై నాలుగో పేరు దగ్గర ఆ గొంతు తడబడింది. అలవాటు లేని పేరు చదివే అమెరికన్‌లా విరిచి విరిచి పలికింది.

"డివ్... ఏ... కర్."

తలుపవతల నా మొగుడు "హియర్" అన్నాడు.

తలుపు తోసేశాను. చీకట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చెవులకి హెడ్‌ఫోన్స్. ఆ హెడ్‌ఫోన్స్ వైరు చివర గాల్లో వేలాడుతోంది. బల్ల మీద లాప్‌టాప్ లేదు.

"దివాకర్... లాప్‌టాప్ ఏదీ?"

"తిరిగి పంపించేశాను."

"ఎప్పుడు?"

"డిసెంబర్ ఐదున. ఆ రోజే తీసేశారు ప్రసూ. మా టీమ్ మొత్తాన్ని."

మా ముగ్గురి వీసా తన ఉద్యోగం మీదే. అది పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి అరవై రోజులే గడువు. అందులో ముప్పై ఎనిమిది రోజులు ఈ మనిషి తలుపేసుకుని ఖాళీ బల్ల ముందు కూర్చుని గడిపేశాడు! ఏం తిట్టానో నాకే గుర్తులేదు. నోటికొచ్చిందల్లా అన్నాను. తను తల వంచుకుని ఏడ్చాడు. మొన్ననే గృహప్రవేశం చేశాం, మేధ అంత సంతోషంగా ఉంది, ఎలా చెప్పమంటావ్, అన్నాడు. పెళ్లయిన పదహారేళ్లలో తను ఏడవడం చూడటం అదే మొదటిసారి. నా కోపం అక్కడే చచ్చిపోయింది.

కాసేపయ్యాక మెల్లగా అడిగాను. "సరే. ఉద్యోగం లేదు. మరి పొద్దున్నే ఎవరికి హియర్ అంటున్నావ్?"

దివాకర్ తలెత్తాడు. "నీకూ వినిపించిందా?"

తన మొహంలో భయం లేదు. ఊరట ఉంది. అన్నాళ్లూ పిచ్చెక్కుతోందనుకున్నాడట. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నదీ ఆ గొంతు వినపడకుండా ఉండటానికే. పెట్టుకున్నా వినిపిస్తుందన్నాడు.

"వినిపిస్తే మాత్రం? జవాబెందుకు చెప్పడం?"

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత గుసగుసగా అన్నాడు. "రోజూ పొద్దున నా పేరు పిలిచేవాళ్లు ఎవరున్నారు ప్రసూ ఇప్పుడు? వాళ్లొక్కరే."

తెల్లారగానే హోవార్డ్ ఇంటికి వెళ్లాను. కోటు కూడా సరిగ్గా వేసుకోలేదు. ఆయన నన్ను చూడగానే కుర్చీ లాగాడు. నేను రావాల్సిందేనని ఎదురుచూస్తున్నట్టున్నాడు.

మేధ స్కూల్లో షేస్ తిరుగుబాటు అని ఒక పాఠం ఉంది. స్వతంత్రం కోసం యుద్ధం చేసి ఇళ్లకొచ్చిన రైతులకి జీతాలు అందలేదు. పైగా పన్నులు. అవి కూడా నాణేల రూపంలోనే కట్టాలి. నాణెం ఎక్కడుంది వాళ్ల దగ్గర? కోర్టులు పొలాలు జప్తు చేశాయి, పశువులు తోలుకుపోయాయి, మనుషుల్ని అప్పుల జైల్లో పెట్టాయి. రైతులు గుంపులుగా వెళ్లి కోర్టులు తెరవకుండా అడ్డం నిలబడ్డారు. చివరికి ఒక జనవరి నెలలో, పీకల్లోతు మంచులో, ప్రభుత్వ ఆయుధాల కోసం బయల్దేరారు. ఫిరంగులు పేలాయి. చెల్లాచెదురై మంచులో పడి పారిపోయారు. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. హోవార్డ్ చెప్పిన మిగతాది పుస్తకాల్లో లేదు.

"వాళ్లు టోపీల్లో హెమ్లాక్ కొమ్మ పెట్టుకునేవాళ్లు, గుర్తుగా. అవతలివాళ్లు తెల్ల కాగితం పెట్టుకునేవాళ్లు. ఈ ఊళ్లో ఇంకో పద్ధతి ఉండేదని మా తాత అనేవాడు. గుమ్మం మీద హెమ్లాక్ కొమ్మ కట్టారంటే, ఆ ఇల్లు ఒక మనిషిని ఇస్తుందని అర్థం. మీ పెరట్లోనే లైను కట్టేవాళ్లు. ఐదింటికి హాజరు."

"పేరెలా తెలిసింది వాళ్లకి?" అన్నాను.

"ఇంటి అప్పు పత్రంలో మొదటి పేరు ఎవరిది?"

"దివాకర్‌ది" అన్నాను.

"మంచులో ఎంతమంది ఉండిపోయారో లెక్క తేలలేదు. తేలేదాకా పిలుస్తూనే ఉంటారు" అన్నాడు.

"తోరణం తీసి పారేస్తాను. కావాలంటే తెల్ల కాగితం అంటిస్తాను."

"పేరు ఎక్కాక కొమ్మతో పనేముంది? కాగితం జోలికి మాత్రం పోకు, శత్రువుల ఇల్లని చెప్పినట్టవుతుంది." ఆయన నా వైపు వంగాడు. "పిలవనీ. పలకనీ. ఇంట్లో ఉండి పలికినంతసేపూ పర్లేదు. లైన్లోకి రమ్మంటారు ఒకరోజు. ఆ రోజు వెళ్లనివ్వకు."

ఈయన మాటలు ఎంతవరకు నమ్మాలి? ఇల్లు చవగ్గా కొట్టేద్దామని బెదిరిస్తున్నాడా? దారంతా అదే ఆలోచన. అయినా ఇంటికి రాగానే తోరణం తెంపి కొట్టం వెనక పడేశాను.

మర్నాడు నాలుగూ యాభైకి "ఏబెల్..." అని మొదలైంది.

అప్పట్నుంచి ఇద్దరం పెద్ద యుద్ధమే చేశాం. పగలంతా ఉద్యోగాల వేట. ఎక్కడెక్కడి ఫ్రెండ్స్‌కో ఫోన్లు, రెజ్యూమేలు, ఇంటర్వ్యూలు. రాత్రి పడుకునేముందు నా చున్నీతో తన మణికట్టు నా మణికట్టుకి కట్టుకునేదాన్ని. మూడు ముళ్లు వేసి. దివాకర్ నవ్వేవాడు, మళ్లీ పెళ్లి చేసుకుంటున్నావా అని. నాకు నవ్వొచ్చేది కాదు. ఇల్లు పోతే పోనీ, దేశం వదిలి పొమ్మంటే పోదాం. మనిషి పోకూడదు. అదొక్కటే నా మొర.

జనవరి ఇరవై ఐదు. ముందురోజు సాయంత్రం నుంచి మంచు ఆగకుండా కురుస్తోంది. కరెంటు పోయింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోయింది. మేధని మా గదిలోనే పరుపు వేసి పడుకోబెట్టాను. చున్నీకి ఐదు ముళ్లు వేశాను.

మెలకువ వచ్చేసరికి చున్నీ నా చేతికే ఉంది. రెండో కొస నీట్‌గా మడిచి దిండు మీద పెట్టి ఉంది.

"దివాకర్..."

కింద నుంచి చలిగాలి. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. తడి ఉన్ని వాసన, పొగ, ఇంకేదో పులిసిన సారా వాసన, ముక్కు పగిలిపోయేలా. నేను పరిగెత్తాను. ఇంటి పక్కగా పెరట్లోకి.

మంచు వెలుగులో కనిపించాడు. రాతిగోడ దగ్గర, పైజమాలో, వట్టి కాళ్లతో, చేతులు పక్కకి పెట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. ఒక్కడే. కానీ తన పక్కన... వరసగా, మనిషి పట్టేంత జాగాల్లో, మంచు పడట్లేదు. పైనుంచి వస్తున్న మంచు అక్కడికొచ్చేసరికి పక్కకి తప్పుకుంటోంది. ఒకటి, రెండు, మూడు... లెక్కపెట్టబోయి ఆపేశాను.

"ఏబెల్."

"హియర్."

గాల్లోంచి. నాకు పది అడుగుల దూరంలో.

నేను దివాకర్ చెయ్యి పట్టుకుని లాగాను. కదల్లేదు. రాయి. కనుబొమ్మల మీద మంచు. నా వైపు చూడకుండా పెదాలు మాత్రం కదిపాడు.

"వెళ్లు ప్రసూ... నన్ను రమ్మన్నారు."

"నోరు మూసుకుని లోపలికి రా!"

"పేరు పిలిస్తే చెప్పాలి... చెప్పేసి... వెళ్తాం."

"సైలస్." "హియర్." "జోనా." "హియర్." దగ్గరికొస్తోంది. పేర్లు అయిపోతున్నాయి. తన పెదాలు అప్పుడే ఆ మాట కోసం తెరుచుకుంటున్నాయి. నేను చేత్తో నోరు మూశాను. చెయ్యి కాలింది చలికి. అయినా తియ్యలేదు.

ఆ క్షణాన నాకు కాకినాడ గుర్తొచ్చింది. నవ్వకండి. మేమిద్దరం ఇంజినీరింగ్ ఒకే క్లాసు. దివాకర్ ఎప్పుడూ పొద్దుటి క్లాసుకి వచ్చేవాడు కాదు. హాజరు తక్కువైతే పరీక్షకి కూర్చోనివ్వరని, వెనక బెంచీలో తల వంచి, గొంతు బొంగురు చేసి, తన పేరుకి నేను ప్రాక్సీ చెప్పేదాన్ని. రెండేళ్లు చెప్పాను. మా ప్రేమ మొదలైందే అలా. ఆ లెక్చరర్‌కి ఒక్కనాడు కూడా అనుమానం రాలేదు.

"డివ్... ఏ... కర్."

దివాకర్ నోటి మీద నా చెయ్యి. తల వంచాను. గొంతు బొంగురు చేశాను.

"హియర్."

అంతా ఆగిపోయింది. గాలి కూడా. ఎవరో నా మొహంలోకి వంగి చూస్తున్నట్టు... పులిసిన ఊపిరి... నేను తల ఎత్తలేదు. ఎంతసేపో తెలియదు.

తర్వాత కాగితం మీద కలం గీసిన చప్పుడు. చాలా బూట్లు ఒకేసారి మంచులోకి కదిలాయి. గోడ దాటాయి. చెట్ల వైపు వెళ్లిపోయాయి.

దివాకర్ నా మీద కూలబడ్డాడు.

ఎలా ఈడ్చుకొచ్చానో నాకే తెలీదు. మేధ భయపడి ఏడుస్తూ దుప్పట్లు తెచ్చింది. గంటలో తేరుకున్నాడు. మధ్యాహ్నం హోవార్డ్ దారి చేస్తే ఆస్పత్రికి వెళ్లాం. అంతసేపు మంచులో వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషికి ఒక్క బొబ్బ కూడా లేదని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. దేవుడి దయ అనుకున్నాను.

నాలుగు రోజులకి దివాకర్‌కి క్యారీ నుంచి ఆఫర్ వచ్చింది. నార్త్ కరోలినాలో, ఒక మందుల కంపెనీలో. వీసా కాగితాలు గడువు లోపలే పడ్డాయి. ఫిబ్రవరిలో ఇంటికి బోర్డు పెట్టి, తాళం వేసి, వెనక్కి చూడకుండా వచ్చేశాం. క్యారీలో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్, కింద పార్కింగ్ లాట్. మంచు లేదు. ఇండియన్ స్టోర్ ఐదు నిమిషాలు.

దివాకర్ మారిపోయాడు. మంచికే. ఏ గదీ తలుపేసుకోడు. నాకంటే ముందు లేస్తాడు, వంట చేస్తాడు, ఏది అడిగినా చక్కగా నా కళ్లలోకి చూసి చెబుతాడు. ఆ పొద్దున సంగతి ఏమీ గుర్తులేదంటాడు. నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక మనిషిని అనుమానించడం మానేశాను.

ఒక్క సంగతి తనతో చెప్పలేదు. క్యారీకి వచ్చిన మొదటి రోజే, నాలుగూ యాభైకి, కింద పార్కింగ్ లాట్‌లోంచి "ఏబెల్..." అని వినిపించింది.

పాత ఇంట్లో మిగిలిన రోజులూ తన బదులు నేనే పలికాను, ఇల్లు మారితే పోతుందనుకున్నాను. పోలేదు. అయితే ఏం? ప్రాక్సీ ఉంది కదా. దివాకర్ నిద్రలో ఉండగానే లేచి, బాత్రూంలోకి వెళ్లి, తలుపేసుకుని, తన పేరు రాగానే తల వంచి బొంగురు గొంతుతో హియర్ అంటాను. కలం గీస్తుంది. వెళ్లిపోతారు. ఆరు నెలలు, ఒక్కరోజు తప్పకుండా. నా మనిషి నా పక్కన వెచ్చగా నిద్రపోతున్నాడు, నాకింకేం కావాలి!

మొన్న ఆగస్టులో నాకు జ్వరం వచ్చింది. మాత్ర వేసుకుని పడుకున్నాను. కళ్లు తెరిచేసరికి గదిలో ఎండ. ఏడూ పది.

పక్కన దివాకర్ లేడు. లేచి పరిగెత్తబోయాను, వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడింది, పోపు వాసన. హమ్మయ్య. గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను.

హాల్లో మేధ కిటికీ అద్దానికి నుదురు ఆనించి కిందకి చూస్తోంది.

"అమ్మా, ఇవాళ నువ్వు చెప్పలేదు" అంది, ఇటు తిరక్కుండానే.

"ఏం చెప్పలేదే?"

"అదే. బాత్రూంలో రోజూ చెప్తావ్ కదా."

"నీకు... వినిపిస్తుందా?"

"వాళ్లు కనిపిస్తారు కూడా. ఇవాళ నువ్వు చెప్పలేదు కదా, సో నాన్నే చెప్పాడు."

"నాన్నా? ఎక్కడ?"

"కిందే. లైన్‌లో లాస్ట్." వేలు పెట్టి చూపించింది. "రోజూ ఉంటాడు కదా. తను మౌత్ ఓపెన్ చేసేలోపే నువ్వు చెప్పేస్తావ్, వాళ్లు రాసుకుంటారు. నీకు తెలుసనుకున్నాను."

నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. కార్లు. ఎండ. స్ప్రింక్లర్ తిరుగుతోంది. నాకేమీ కనిపించలేదు.

"ఇంకా వెళ్లలేదమ్మా. మన విండో వైపే చూస్తున్నాడు. పైజమాలో ఉన్నాడు, తల మీద అంతా స్నో. చాలా వణుకుతున్నాడు." మేధ ఇప్పుడు నా వైపు తిరిగింది, కళ్లలో నీళ్లు. "జాకెట్ ఇచ్చి రానా?"

వంటింట్లో స్టవ్ ఆపిన చప్పుడు.

"ప్రసూ, ఉప్మా చల్లారిపోతోంది. ఇద్దరూ రండి" అని దివాకర్ గొంతు.

మేధ నా చెయ్యి పట్టుకుంది. మేమిద్దరం అక్కడే నిలబడ్డాం.